తిట్లు తిన్న పుస్తకాలు

గ్రంథాలయంలో కొత్తగా చేరిన పిల్లలకు ఈ నాలుగు మాటలు. శిక్షణలో మీకు పుస్తకానికి నంబరు ఎట్లా వేయాలో చెప్పి ఉంటారు. చెదలకు మందు ఎట్లా కొట్టాలో చెప్పి ఉంటారు. పుస్తకం వెనక్కి తెచ్చిన మనిషి మొహం ఎట్లా చూడాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆ బల్ల వెనక ఒక్కపూట కూడా కూర్చోలేదు కాబట్టి.

నేను పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఈ మూడూర్ల శాఖా గ్రంథాలయాల్లోనే తిరిగి తిరిగి పనిచేసినాను. యాభై దాటి కొన్నాళ్లయిందో లేదో, ఇంకా సర్వీసు మిగిలి ఉండంగానే, నాకు నేనే చాలించుకొని ఇంటికొచ్చినాను. ఆరోగ్యం బాగలేదని కాగితంలో రాసినా. అబద్ధం. నా ఆరోగ్యం గుండ్రాయిలాగా ఉంది. కోపం వచ్చింది, అంతే. కోపానికి కాగితంలో గడి లేదు.

నేను మధ్యలో కొన్ని కోతలు కోస్తాను. మా ఇంట్లో వాళ్లు నేను చెప్పిందాంట్లో సగం కొట్టేసి వింటారు, మీరూ అట్లే వినండి. కోపం మాత్రం కొట్టేయొద్దు. అది మొత్తం నిజం.

బాగుందంటే చదవలేదని

ముందు మా పక్క పాఠకుల సంగతి తెలుసుకోండి. మా వాళ్లకు పుస్తకం నచ్చితే తిడతారు. ఎంత నచ్చితే అంత తిట్టు. రాసినాయన్ని తిడతారు, ఆ పుస్తకం ఇచ్చినందుకు మనల్ని తిడతారు, తిట్టి ఇంకొకటి తీసుకొని పోతారు. అట్లా కాకుండా ఎవరైనా పుస్తకం సున్నితంగా బల్లమీద పెట్టి "బాగుందండీ" అన్నారంటే, ఆ మనిషి అట్ట తెరవలేదని అర్థం.

పులివెందులలో ఓబులేసు అని ఒక చీనీతోట రైతు ఉండేవాడు, చీనీ అంటే బత్తాయి. చీనీ చెట్ల తెగుళ్ల మీద ఒక పుస్తకం తీసుకపోయినాడు. గడువు రోజుకు వచ్చి దాన్ని బల్లమీద ఎత్తి కొట్టినాడు. పక్కన పేపరు చదువుకుంటున్న ముసలాయన ఉలిక్కిపడి లేచినాడు.

"యాడ కూచోని రాసినాడప్పా వీడు? చెట్టు ఎండిపోతాండాదిరా నాయనా అంటే మందు కొట్టమంటాడు. మందు కలిపేదానికి నీళ్లు యాడుండాయో చెప్పడు! ఒగసారి నా తోటకు రమ్మను. చెట్టుకు కట్టేసి చూపిస్తా."

"సరేలే ఓబులేసూ, జమ చేసుకుంటా, ఇయ్యి."

"జమ యాల చేసుకుంటావు? మళ్లా నా పేరు మీదనే రాయి."

ఏడాది పొడుగునా ఆ పుస్తకం ఆయన పేరు మీదనే ఉండింది. వేరే రైతు అడిగితే, "ఆ ఎదవ పుస్తకం నీకెందుకులే" అని చెప్పి పంపించేవాడంట. పుటల నిండా బురద వేళ్ల గుర్తులు, మందు చుక్కల మరకలు. చదివిన పుస్తకం అట్లా ఉంటుంది.

ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాళ్ల ఇంటి పద్మావతమ్మ వంటల పుస్తకం తెచ్చి నా మొహాన ఆడించింది. "కూరకు రెండు మిరపకాయలంట అన్నా! జొరమొచ్చినోళ్లకు పెట్టే కూడు ఇది. ఈమె మొగుడు ఎట్లా తింటాండాడో పాపం." పాపం అంటూనే దాంట్లోని స్వీట్ల పుటలన్నీ కూతురు చేత రాయించుకుంది.

దయ్యాల నవలల సంగతి చెప్తాను, ఇక్కడ సగం కొట్టేసుకోండి. దువ్వూరు నుంచి వచ్చే సభ్యుడొకడు ఒక దయ్యాల నవల తీసుకపోయి, దాన్ని ఇంట్లో ఉంచుకునేదానికి భయమై, తెల్లారగానే బస్సు కండక్టరు చేతికిచ్చి లైబ్రరీలో ఇచ్చేయమన్నాడు. కండక్టరు ఊరికే ఉండలేక తెరిచినాడు. ఆ తర్వాత ఆయన విజిల్ ఊదలేదు. విజిల్ లేదని డ్రైవరు ఆపలేదు. మధ్యలో దిగాల్సిన జనమంతా ప్రొద్దుటూరు బస్టాండుదాకా వచ్చేసినారు. వాళ్లలో కొందరు ఆ కోపంతో ఎగేసుకొని నా దగ్గరికే వచ్చినారు. నేను వాళ్లను సభ్యులుగా చేర్చుకున్నాను.

మరి "బాగుంది" అనే రకం ఎట్లా ఉంటుందంటారా? రిటైరైన మాస్టరు ఒకాయన నెలకొక కవిత్వం పుస్తకం తీసుకపోయేవాడు. "ఉత్తమమైన గ్రంథం" అని రెండు చేతులతో తిరిగి ఇచ్చేవాడు. అచ్చాఫీసులో అంటుకున్న పుటలు అంటుకున్నట్లే ఉండేవి. నేను ఆయన్ని ఏమీ అనలేదు. పెద్దమనిషి, చేతిలో పుస్తకంతో బజారులో నడిచే దర్జా ఆయనకు కావాలి. అది కూడా ఒక అవసరమే. కాకపోతే దాన్ని చదవడం అని మాత్రం నేను ఎక్కడా రాయలేదు.

శెనక్కాయల కొట్టం

జమ్మలమడుగులో నాకు మార్తమ్మ పరిచయమైంది. పెన్న ఒడ్డుకు పోయే దారిలో ఒక శెనక్కాయల కొట్టం ఉంది. విత్తనం కాయలను మిషన్లో ఆడిస్తే పప్పు పగులుతుందని అక్కడ ఆడవాళ్లు చేత్తో ఒలుస్తారు. ఎవరి గంప వాళ్లది, గంపను చూసి కూలి. మార్తమ్మ చిన్నప్పటి నుంచి అదే పని. క్రైస్తవ మిషనరీల బడిలో చదువు నేర్చుకుంది, చర్చిలో వాక్యం ఆమే చదివేది, గొంతు గంటలాగా ఉండేది. వయసు మీద పడేసరికి కీళ్లవాతం వచ్చి వేళ్లు కొంకర్లు పోయినాయి. కాయ పట్టుకుంటే జారిపోతుంది.

ఆ కొట్టంలో ఆడవాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. మార్తమ్మ ఒలవదు. మధ్యలో కూర్చొని నవల చదువుతుంది. మిగిలినవాళ్లు ఒలిచిన దాంట్లో నుంచి తలా ఇన్ని పిడికిళ్లు ఆమె గంపలో వేస్తారు. సాయంత్రానికి ఆమె గంప కూడా అందరి గంపల లాగానే నిండుతుంది. ఆమె కూలి ఆమెకు వస్తుంది. ఎవరూ ఎవరికీ దానం చేసినట్లు కాదు. గొంతు ఇచ్చి పప్పు తీసుకోవడం.

అందుకే మార్తమ్మకు నవల అంటే కాలక్షేపం కాదు. నవల లేకపోతే ఆ రోజు గంప లేదు.

ఆమె పుస్తకం మార్చుకునేదానికి వస్తే లైబ్రరీ అంతా తలెత్తి చూసేది. వెనకే ఖాసింబీ వచ్చేది. కొట్టంలో అందరికంటే వేగంగా ఒలిచే మనిషి, అందరికంటే వేగంగా మాట్లాడే మనిషి.

"ఏందప్పా ఈ పుస్తకం? ఆ పిల్లను చంపే పని ఏముండాది వానికి? నిన్నంతా ఒగరు గూడా సరింగా ఒలవలేదు, ఏడుస్తా కూచున్యారు!" అని మార్తమ్మ.

"రాసినోడు దొరికితే నాకు అప్పజెప్పన్నా. పొట్టులో పూడ్చిపెడ్తా" అని ఖాసింబీ.

"మరి ఆయన్దే ఇంకొకటి ఉంది. వద్దా?"

"యాడుండాది? తియ్యి బిన్నా, ఆలస్యం చేయాకు!"

ఆ నవల తిరిగొచ్చినప్పుడు పుటల మధ్య నుంచి ఎర్రటి పప్పు పొర రాలేది. నేను దులిపేవాణ్ని కాదు. నాకు వచ్చిన మెప్పు కాగితాలు అవే.

అభిప్రాయ సభ

అప్పుడు మాకు ఒక కొత్త అధికారి వచ్చినాడు. కోస్తా పక్క, కింది జిల్లాల మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత కోపం వచ్చేది కాదు, రెండు తిట్లు తిట్టుకొని మర్చిపోయేవాణ్ని. శుభ్రంగా ఉతికిన చొక్కా, శుభ్రమైన మాట. జీవితంలో ఎవరూ ఆయన్ని ప్రేమగా తిట్టి ఉండరని నా అనుమానం.

జాగా చాలడం లేదు, పనికిరాని పుస్తకాలు తీసేయాలన్నాడు. అక్కడిదాకా తప్పు లేదు. ఏది పనికిరాదో పాఠకులనే అడుగుదామన్నాడు. అది విని నేను ఎగిరి గంతేసినా. ఇన్నాళ్లకు ఒక అధికారి పాఠకుణ్ని అడుగుతానన్నాడు కదా అని ఊరంతా తిరిగి పిలిచినాను. కొట్టం ఆడవాళ్లు పని ఆపుకొని వచ్చినారు.

ఆయన ఒక్కో పుస్తకం ఎత్తి చూపిస్తాడు, జనం చెప్పాలి. ముందుగా ఒక నవల ఎత్తినాడు.

"ఈ పుస్తకం మీద మీ అభిప్రాయం చెప్పండమ్మా."

"అయ్యో, ఆ దరిద్రమా!" అన్నది మార్తమ్మ. "ఆ పుస్తకం చదివి మూడు దినాలు నాకు కూడు దిగలేదు సారూ."

ఆయన దాన్ని ఎడమపక్క పెట్టినాడు. ఇంకొకటి ఎత్తినాడు.

"ఆ ముండాకొడుకు ఇంగా బతికే ఉండాడా సార్?" అని ఖాసింబీ. "చివర్లో రాసినోడు వాన్ని ఊరికే వదిలిపెట్టినాడు. నాకు ఇప్పటికీ కడుపు మండుతాండాది."

అదీ ఎడమపక్కకు. డిటెక్టివ్ నవలలు, దయ్యాల నవలలు, కన్నీళ్ల నవలలు, అన్నీ ఎడమపక్కకు. చీనీ తెగుళ్ల పుస్తకం లాంటిదొకటి ఇక్కడా ఉండేది. ఒక రైతు లేచి దాన్ని రాసినాయన వంశాన్నంతా తలుచుకున్నాడు. అదీ ఎడమపక్కే.

తర్వాత ఆయన పోటీ పరీక్షల బిట్ బ్యాంకు ఎత్తినాడు. వందల కొద్దీ ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న కింద నాలుగు జవాబులు, దాంట్లో ఒకటే ఒప్పు. ఎవరూ మాట్లాడలేదు. ఊరికే కూర్చుంటే బాగుండదని ఒక పెద్దాయన "బాగుంది సార్" అన్నాడు. కుడిపక్కకు. ఎవరిదో షష్టిపూర్తి సంచిక, "బాగుంది", కుడిపక్కకు. అట్లా సభ ముగిసేసరికి నా లైబ్రరీలో చదివిన పుస్తకాలన్నీ ఒకపక్క, చదవనివన్నీ ఒకపక్క చక్కగా తేలినాయి. ఆయన చదివినవాటిని తీసేయమన్నాడు.

నేను కాళ్లా వేళ్లా పడినాను.

"సార్, మా పక్క తిట్టడమంటే మెచ్చుకోవడం సార్."

"ఏమండీ, నా చెవులతో విన్నాను కదా. దరిద్రం అంటే బాగుందని పైకి రాయమంటారా?"

"రాయొద్దు సార్. పుస్తకం తెరిచి చూడండి. దాంట్లో పప్పు పొరలుంటాయి."

"చూశాను. పుస్తకాలను ఎంత పాడుచేశారో చూశాను. అదొక కారణం."

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. పాఠకుల్ని అడగని అధికారితో ఎట్లాగో వేగొచ్చు. అడిగి, తనకు తెలిసిన భాషలో మాత్రమే వినే అధికారితో వేగలేరు. అడిగినాను కదా అనే ధైర్యం ఒకటి ఆయనకు అదనంగా ఉంటుంది.

నవలలన్నీ గోనెసంచుల్లో కట్టి వెనక గదిలో వేసినాం. తీసుకపోయేదానికి లారీ వస్తుందన్నారు. మన లారీల సంగతి తెలిసిందే, రాలేదు. కానీ తాళం మాత్రం పడింది, తాళం చెవి ఆఫీసుకు పోయింది.

వాక్యం కూలికి చదవను

కొన్నాళ్లకు మార్తమ్మ ఒంటరిగా వచ్చింది. తిట్టలేదు. అప్పుడే నాకు భయమేసింది.

"కొట్టానికి పోతాండావా?" అని అడిగినా.

"యాడ పోయేది? నవల లేదని తెల్సి గూడా వాళ్లు పిడికిళ్లు ఏసినారు. రెండు దినాలు తీస్కున్యా. చదవకుండా తీస్కుంటే దాన్ని ఏమంటారప్పా? అందుకే మానుకున్యా."

"ఇంట్లో బైబిలు ఉంది కదా. దాంట్లో లేని కథ ఏముంది?"

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "వాక్యం కూలికి చదవను" అన్నది.

ర్యాకులో మిగిలిన వాటివైపు చెయ్యి చూపించినా. షష్టిపూర్తి సంచికలు, బిట్ బ్యాంకులు. ఆమె కొంచెంసేపు చూసి, లావుగా ఉన్న బిట్ బ్యాంకు ఒకటి ఎత్తుకుంది.

"అది కథ కాదు మార్తమ్మా. ప్రశ్నలు."

"అట్ట ఉండాది. లోపల అచ్చుండాది. సాలు" అని చంకలో పెట్టుకొని పోయింది.

వారం గడిచింది. నాకు ఉండబట్టలేదు. విత్తనం కాయలు కావాలనే వంకతో కొట్టం దగ్గరికి పోయినా. లోపల నుంచి ఆ గంట లాంటి గొంతు వినిపిస్తా ఉంది.

"...నలుగురు అక్కచెల్లెండ్లు. ఏ, గోదారమ్మ. బీ, కిష్టమ్మ. సీ, తుంగమ్మ. డీ, కడగొట్టు పిల్ల పెన్నమ్మ. పైన ప్రశ్న ఏమని ఉండాదంటే, వీళ్లలో పుట్టింటి సొత్తు దక్కందెవరికి? జవాబు ఆఖరు పుటలో ఉండాదంట. ఇప్పుడే చెప్పను."

"పెన్నమ్మకే! పెన్నమ్మకే దక్కల్యా!" అని లోపల ఆడవాళ్లు కేకలు.

"గమ్మున ఉండండే. పెద్దక్క ఇంట్లో పెండ్లి. కడగొట్టు దానికి పిలుపు రాల్యా. అయినా పెన్నమ్మ పోయింది. ఉట్టి చేతుల్తో, కాళ్లకు ఇసక అంటుకోని..."

నేను తలుపు పక్కనే నిలబడిపోయినా. ఒలుపుడు చప్పుడు వానలాగా వినిపిస్తోంది. మార్తమ్మ గంపలో పిడికిలి మీద పిడికిలి పడుతోంది. బిట్ బ్యాంకు ఆమె ఒళ్లో నదుల పుట దగ్గర తెరిచి ఉంది. ఆ పుట ఆమె తిప్పడం లేదు. కాయలు కొనకుండానే తిరిగొచ్చినా.

మళ్లా సభ

అధికారి తనిఖీకి వచ్చినాడు. బిట్ బ్యాంకు చూసినాడు. అట్ట నలిగిపోయి, అంచులు నల్లబడి, లోపల పప్పు పొరలు. ఆయన మొహం వెలిగిపోయింది. నవల పోతే చదువు వచ్చిందని ఆయన లెక్క. "చూశారా? పిలవండి వాళ్లని" అన్నాడు.

కొట్టం నుంచి ఆడవాళ్లు వచ్చినారు. ఆయన పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది ఎలా ఉందమ్మా?"

ఖాసింబీ అందుకోసమే కాచుకున్నట్లు లేచింది. "అది రాసినోనికి అక్కచెల్లెండ్లు ఉండారా సార్? పెన్నమ్మను అంత ఏడిపిచ్చే పని ఏముండాది వానికి? ఆ గోదారమ్మను నాకు సూపించండి, జుట్టు పట్టుకోని ఈడ్చుకొస్తా!"

మిగిలినవాళ్లు అందుకున్నారు. అధికారికి ఏమీ అర్థం కాలేదు. నేను మాత్రం మర్యాదగా అడిగినా. "ఎడమపక్క పెట్టమంటారా సార్?"

ఆయన పుస్తకం తెరిచినాడు, నదుల పుట తీసినాడు, అందరికీ కనపడేట్లు తిప్పినాడు.

"ఇవి బిట్లమ్మా. నది పేరు, పొడవు, ఎక్కడ పుట్టింది, అంతే. దీంట్లో కథ ఎక్కడుంది? పెన్నమ్మ ఎక్కడుంది?"

మార్తమ్మ కొంకర్లు పోయిన చేతులు పైట కిందకు పోయినాయి. పుస్తకంలో లేనిది చదివి కూలి తిన్నదని ఒక్క నోరు అంటే చాలు. ఆ కొట్టంలో ఆమె మళ్లా కూర్చోదు. ఆమె సంగతి నాకు తెలుసు.

ఖాసింబీ ఆమె వైపు చూసింది, అధికారి వైపు చూసింది.

"మాకు తెలీదా సార్?" అన్నది. "మొదటి దినమే తెల్సు. కండ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చి పొద్దుగూకేదాంకా చదివింది. అద్దాలు లేకుంటే ఆమెకు నా మొగమే కనపడదు. మేం పప్పు ఏసేది ఆమె గొంతుకు సార్. అట్టకు కాదు."

మార్తమ్మ తల దించుకునింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "దొంగముండల్లారా, తెల్సి గూడా పెన్నమ్మ కోసం ఏడిసినారా?" అన్నది.

"ఏడిపిచ్చినావు గదా, నీ నోరు పడిపోనూ!" అని ఖాసింబీ.

అధికారి పుస్తకం మూసి బల్లమీద పెట్టినాడు. ఇంతకుముందులా ఏ పక్కకూ నెట్టలేదు. నాకు అప్పుడు ఆశ పుట్టింది, దాచేదేముంది. అర్థమైందేమో అనుకున్నా. ఆయన జేబులోంచి వెనక గది తాళం చెవి తీసి నాకిచ్చినాడు.

"ఆ నవలలు కూడా ఉండనివ్వండి. మంచి పుస్తకాలే. బాగున్నాయి" అని జీపెక్కినాడు.

జీపు మలుపు తిరిగేదాకా మార్తమ్మ చూస్తా నిలబడింది.

"పాపం, ఒగటి గూడా చదివినట్లు లేదప్పా ఈయన" అన్నది.

సంచులు ఆ పొద్దే విప్పినాను. కానీ తీసేసినట్లు పైకి పోయిన కాగితం వెనక్కి రాలేదు. ఇప్పటికీ ఆ నవలలు కాగితాల్లో లేవు, ర్యాకులో ఉన్నాయి. నెల తిరక్కుండానే ఆఫీసు నుంచి రెండు కట్టలు దిగినాయి. జమ్మలమడుగు మహిళలకు పోటీ పరీక్షల మీద ఆసక్తి పెరిగిందని మెచ్చుకుంటా పంపిన బిట్ బ్యాంకులు. ఆ కట్టల తాడు కూడా విప్పకుండా, వాటి మీదనే కాగితం పెట్టుకొని, ఉద్యోగం చాలించుకుంటానని చీటీ రాసినా. ఆరోగ్యం బాగలేదు అని.

రాస్తుండంగా మార్తమ్మ నవల వెనక్కి ఇచ్చేదానికి వచ్చింది. దాన్ని బల్లమీద ఎత్తేసి, రాసినాయన్ని తిట్టాల్సినంత తిట్టి, కొత్తది చంకలో పెట్టుకుంది. పోబోతా పోబోతా నా మోచేతి కింది కట్టలు చూసి ఆగింది.

"అవి కొత్తవా? ఒగటి నాకు తీసిపెట్టప్పా" అన్నది. "పెన్నమ్మకు బిడ్డలు పుట్టేదుండాది."